ప్రాజెక్టుకు హద్దులు రాయించాలె

(కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల గ్రామ కార్యకర్తల తరగతిలో చేసిన ప్రసంగం)



ఇయ్యాల మాకు ఇచ్చిన విషయం వింటే ఇంజనీర్ల పాఠం లెక్క ఉంటది. ప్రాజెక్టు పరిధిని ముందుగాల నిర్ణయించుడు, నడుమ అది ఇష్టమొచ్చినట్టు పెరగకుండ, తరగకుండ అదుపుల పెట్టుడు. భూమి గురించి, కూలి గురించి, కులం గురించి మాట్లాడేటోళ్లకు ఇదెందుకని ఎవరికన్నా అనిపిస్తే తప్పులేదు. కానీ ఒక్కసారి ఈ రెండు పాత జిల్లాల పటం కండ్ల ముందట పెట్టుకోండి. కడెం, ఎల్లంపల్లి, దిగువ మానేరు, మధ్య మానేరు, సుందిళ్ల, అన్నారం, మేడిగడ్డ. ఎగువన పోచంపాడు. వీటి నడుమ సింగరేణి బాయిలు, ఓపెన్‌కాస్టులు. ప్రాజెక్టు అనే మాట తెలియని ముసలమ్మ కూడా మన దిక్కు లేదు. ఆ ప్రాజెక్టుల పక్కన మాల, మాదిగ, నేతకాని వాడలున్నయి. ఆ వాడల నష్టం ఒక్కసారి వచ్చి ఆగిపోలేదు. ప్రాజెక్టు హద్దు జరిగినప్పుడల్లా మళ్లీ వచ్చింది.

పరిధి అంటే పెద్దమాట ఏం కాదు. బాయి తవ్వించేటప్పుడు వడ్డెరన్నకు గుత్తకిస్తరు. ఎన్ని గజాల లోతు, ఎంత వెడల్పు, బండ పడితే మందుగుండు ఖర్చు ఎవరిది, తవ్విన మట్టి ఎవరి చెల్కల పోస్తరు, నీళ్లు ఊరితే తోడే పని ఎవరిది. ఇవన్నీ గడ్డపార దించకముందే మాట్లాడుకుంటరు. నడుమ రైతు వచ్చి "ఇంకో రెండు గజాలు దింపు" అంటే వడ్డెరన్న గడ్డపార పక్కన పెట్టి కూసుంటడు. గజానికి ఇంత అని తేలినాకనే లేస్తడు. పరిధిని నిర్ణయించుడు, పరిధిని అదుపు చేసుడు ఇంతకంటే ఎక్కువ ఏమీ లేదు. చదువురాని వడ్డెరన్నకు తెలిసిన ఈ లెక్కను లక్ష కోట్ల పనులు చేసే పాలకులు పాటించలేదు. ఎట్ల పాటించలేదో ముందుకు చెప్తం.

అంతకంటే ముందు ఇంకొక మాట. హద్దులేని పని అంటే ఏందో దళితులకు చెప్పవలసిన అవసరం లేదు. దాని పేరు వెట్టి. వెట్టి అంటే కూలి ఇయ్యకపోవుడని మనం అనుకుంటం. అది సగం మాత్రమే. ఊరి మస్కూరిని పెట్టింది కచేరి కబురు మోసేటందుకు. కబురు వెంబడి కట్టెలు కొట్టుడు వచ్చింది. కట్టెల వెంబడి గడీ ముందట ఊడ్చుడు వచ్చింది. ఆ తర్వాత దొర బండి ముందట ఉరుకుడు. "ఇది నా పని కాదు" అనే వీలు లేదు, ఎందుకంటే ఆయన పని ఏందో ఎక్కడా రాసిలేదు. రాసిలేని పని ఎప్పుడూ కిందికే జారుతది, పైకి పోదు. ఇయ్యాల ప్రాజెక్టు పేరు మీద జరుగుతున్నది చూస్తే మాకు అదే గుర్తొస్తది. కాకపోతే అప్పుడు మనిషి మీద పడ్డది ఇప్పుడు భూమి మీద పడుతున్నది.

ఇక అసలు సంగతి. మన రెండు జిల్లాల నడుమ పుట్టిన ఒక ప్రాజెక్టుకు బాబాసాహెబ్ పేరు పెట్టిండ్రు. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ ప్రాణహిత-చేవెళ్ల సుజల స్రవంతి. ఆదిలాబాద్ జిల్లా కౌటాల మండలం తుమ్మిడిహెట్టి దగ్గర ప్రాణహిత మీద బ్యారేజీ. అక్కడినుంచి 116 కిలోమీటర్లు నీళ్లు తెచ్చి ఎల్లంపల్లిల పోసుడు. ఎల్లంపల్లి నుంచి మధ్య మానేరు, అక్కడినుంచి ఎత్తిపోసుకుంట మెదక్ మీదుగా రంగారెడ్డి జిల్లా చేవెళ్లదాక. 2007 మే నెలల దీనికి ఇచ్చిన మొదటి అనుమతి 17,875 కోట్లు. 2008 డిసెంబరు వచ్చేసరికి అది 38,500 కోట్లు, 16 లక్షల 40 వేల ఎకరాలు అయ్యింది. ఏడాదిన్నరల, పని సరిగ మొదలుగాకముందే, అంచనా రెండింతలు దాటింది. అప్పుడు రాష్ట్రంల ఉన్నది ఒక పార్టీ, తర్వాత వచ్చింది ఇంకో పార్టీ. మేం ఏ జెండా మీద కోపంతోటి మాట్లాడుతలేం. హద్దు రాయని అలవాటు జెండా మారినా మారలేదు.

ఆ 16 లక్షల ఎకరాలల్ల నీళ్లు పుట్టే ఆదిలాబాద్‌కు రాసింది 56,500 ఎకరాలు. గుర్తుపెట్టుకోండి, బ్యారేజీ ఆదిలాబాద్‌ల, ముంపు ఆదిలాబాద్‌ల, కాలువకు పోయే భూమి ఆదిలాబాద్‌ల.

తెలంగాణ వచ్చినాక ప్రాజెక్టు డిజైను మార్చిండ్రు. తుమ్మిడిహెట్టి దగ్గర 152 మీటర్ల ఎత్తుకు మహారాష్ట్ర ఒప్పుకోలేదనీ, అక్కడ దొరికే నీళ్లు సరిపోవనీ ప్రభుత్వం చెప్పిన కారణాలు. ఆ కారణాలు మొత్తం ఉత్తవే అని మేం అనం. ముంపు వాళ్ల దిక్కు ఉన్నప్పుడు మహారాష్ట్ర అడిగింది న్యాయమే. 2016 ఆగస్టు 23న ముంబైల రెండు రాష్ట్రాలు ఒప్పందం చేసుకున్నయి. తుమ్మిడిహెట్టికి 148 మీటర్లు, మేడిగడ్డకు 100 మీటర్లు. కానీ ఈ ఒప్పందానికి మూడున్నర నెలల ముందే, మే 2న, కన్నెపల్లి దగ్గర కొబ్బరికాయ కొట్టిండ్రు. గోదావరి మీద మేడిగడ్డ, అన్నారం, సుందిళ్ల మూడు బ్యారేజీలు. పేరు కాళేశ్వరం. అంచనా 80,190 కోట్లు, కొత్త ఆయకట్టు 18 లక్షల 25 వేల ఎకరాలు. ఇంకో పద్దెనిమిది లక్షల పైచిలుకు ఎకరాల పాత ఆయకట్టును స్థిరీకరిస్తమని కూడా అందులనే రాసిండ్రు.

ఇప్పుడు చూడండి, పరిధి ఎటు పెరిగింది, ఎటు తరిగింది. పాత ప్రాజెక్టుల మల్లన్నసాగర్ ఒకటిన్నర టీఎంసీల కుంట. కొత్తదాంట్ల 50 టీఎంసీల సముద్రం. ఆ ఊర్లు మొత్తం లేచిపోయినయి. రంగారెడ్డి జిల్లా ఆయకట్టు తీసేసిండ్రు, చేవెళ్ల పోయింది. రోజుకు రెండు టీఎంసీలు ఎత్తిపోస్తమని కేంద్ర జలసంఘానికి చూపించి 2018ల అనుమతి తెచ్చుకున్నరు, ఆ వెనుకనే మూడో టీఎంసీకి పనులు పెట్టిండ్రు. ఇక తుమ్మిడిహెట్టి సంగతి? దాన్ని విడగొట్టి తూర్పు ఆదిలాబాద్‌కు రెండు లక్షల ఎకరాలు అని ఇంకో ప్రాజెక్టు రాసిండ్రు. ఆ ముక్కకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ ప్రాణహిత ప్రాజెక్టు అని పేరుంచిండ్రు. కట్టినదానికి కాళేశ్వరుని పేరు వచ్చింది. కట్టనిదానికి అంబేద్కర్ పేరు మిగిలింది. వాడల బోర్డు మీద పేరు, ఊర్లె భూమి అన్నట్టే ఉన్నది ఇది. అంతకుముందు ప్యాకేజీల కింద తవ్విన కాలువ ముక్కలల్ల ఇప్పుడు తుమ్మలు మొలిచినయి. కాలువకు భూమి పోయింది పోయింది, ఆ భూమి తిరిగి రాలేదు.

ఇదంతా మా మాట అనుకునేరు. 2024 ఫిబ్రవరిల శాసనసభ ముందు పెట్టిన కాగ్ నివేదిక చూడండి. మొత్తం ప్రాజెక్టుకు ఒకే ఒక్క సమగ్ర అనుమతి ఎన్నడూ ఇయ్యలేదు. ముక్కలు ముక్కలుగా 73 పరిపాలనా అనుమతులు, కలిపితే 1,10,248 కోట్లు. ఆఖరుకు ఖర్చు 1,47,427 కోట్లు దాటవచ్చని వాళ్ల లెక్క. ప్రాజెక్టు నివేదికను జలసంఘం ఒప్పుకోకముందే పాతిక వేల కోట్ల పైచిలుకు పనులు అప్పజెప్పిండ్రు. రూపాయి పెడితే రూపాయిన్నర వస్తదని చెప్పిన ప్రాజెక్టు, కాగ్ లెక్కకట్టితే 52 పైసలకు వచ్చి నిలబడ్డది. 2022 మార్చి నాటికి నీళ్లు పారేందుకు తయారైన కొత్త ఆయకట్టు 40,288 ఎకరాలు. ఆ తర్వాత 2023 అక్టోబరు 21న మేడిగడ్డ ఏడో బ్లాకుల పిల్లర్లు కుంగినయి. దాని మీద కమిషన్ వేసిండ్రు, 2025 జూలై ఆఖరుల నివేదిక ఇచ్చింది. పిల్లర్ ఎందుకు కుంగిందో ఇంజనీర్లు తేలుస్తరు. మేం అడిగేది వేరే. 73 కాగితాలు రాసినోళ్లు, ఒక్క కాగితం ఎందుకు రాయలేదు?

ఒక్క కాగితం రాస్తే దాంట్ల అన్నీ ఒక్క దగ్గర కనబడుతయి. ఇంత ఖర్చు, ఇంత ముంపు, ఇంతమంది మనుషులు, ఇంత లాభం. అన్నీ ఒక్క దగ్గర కనబడితే ఎవడన్నా కూడిక చేస్తడు. ముక్కలు చేస్తే కూడిక ఎవడూ చెయ్యడు. ప్రతి ముక్కా చిన్నదే. "ఇంకొక్క పంపు", "ఇంకొక్క మీటరు", "ఇంకొక్క జలాశయం." మస్కూరికి కూడా ప్రతి పనీ చిన్నదే చెప్పిండ్రు.

పర్యావరణ అనుమతి విషయం కూడా ఇంతే. 2016 మేల శంకుస్థాపన. ప్రజాభిప్రాయ సేకరణ జిల్లాలల్ల పెట్టింది 2017 ఆగస్టుల. అనుమతి వచ్చింది డిసెంబరుల. పునాదులు తవ్వినాక మన అభిప్రాయం అడిగిండ్రన్నట్టు. 2020 అక్టోబరుల జాతీయ హరిత ట్రిబ్యునల్ ఈ వరసనే తప్పుబట్టింది, ముందు పని చేసి తర్వాత అనుమతి తెచ్చుకునుడు చట్టానికి విరుద్ధమన్నది. తీర్పు వచ్చేసరికి బ్యారేజీ ప్రారంభమై ఏడాది దాటింది.

"మీరు ప్రాజెక్టులు వద్దంటరా?" అని మనల్ని అడుగుతరు. వద్దని బాబాసాహెబ్ ఎన్నడూ అనలేదు, మనమూ అనం. 1942 నుంచి 1946 దాక ఆయన వైస్రాయ్ కౌన్సిల్‌ల కార్మిక శాఖ సభ్యుడు. నీటి పనులు, కరెంటు ఆ శాఖ కిందనే ఉండె. 1945 జనవరిల కలకత్తల దామోదర్ లోయ మీద బెంగాల్, బీహార్ ప్రభుత్వాలను కూసోబెట్టి ఆయన తేల్చింది మన విషయమే. ఈ ప్రాజెక్టు దేనికి? వరద ఆపుడు ఒక్కదానికేనా, సాగుకు కూడానా, కరెంటుకు కూడానా, పడవలు నడిచేటందుకు కూడానా? అన్నిటికీ అని ఆయన వాదం. అది ముందే తేలాలె, రాష్ట్రాలు ముందే ఒప్పుకోవాలె. కొలత వెయ్యకముందు ప్రయోజనం చెప్పాలె అన్నది ఆయన పద్ధతి. తర్వాత ఏమైంది? మొదటి పథకంల రాసిన డ్యాములు ఎనిమిది. తిలయ్య, కోనార్, మైథాన్, పంచెట్ అని నాలుగింటితోటి మొదటి దశ ఆగిపోయింది. పరిధిని తగ్గించిన ఫలితం దిగువ దామోదర్ ప్రజలు ఇప్పటికీ వరదల రూపంల చూస్తున్నరు. పెంచినా, కోసినా లెక్క చెప్పకుండ చేస్తే దెబ్బ దిగువనే పడుతది.

మన పోచంపాడునే చూడండి. 1963 జూలై 26న నెహ్రూ పునాదిరాయి వేసిండు. 112 టీఎంసీలకు కట్టిన జలాశయం పూడిక నిండి 90 టీఎంసీల కంటే కిందికి పడిపోయింది. నీళ్లు తగ్గినయి గాని కాగితం మీద ఆయకట్టు తగ్గలేదు, పైగా రెండో దశ కలిపిండ్రు. కాకతీయ కాలువ 284 కిలోమీటర్లు. కాలువ మొదట్ల ఎవరి భూములున్నయో, తూము చివర ఎవరి ఎకరం, అద్దెకరం ఉన్నదో చెప్పాలంటే పటం అక్కర లేదు, ఇంటిపేర్లు చదివితే చాలు.

ఇప్పుడు మన వాడలకొద్దాం. ప్రాజెక్టు హద్దు మన దగ్గర నాలుగు చోట్ల తెగుతది.

మొదటిది నీటి మట్టం. పూర్తి నీటి మట్టం ఇంత అని మీటర్లల్ల రాసి, అక్కడిదాక హద్దురాళ్లు పాతి, ఆ లోపలి భూమిని తీసుకుంటరు. రాయి అవతలి గుంట ప్రాజెక్టు బయట. కానీ నీళ్లకు రాయి తెల్వదు. 2022 జూలై వరదలల్ల చెన్నూరు, కోటపల్లి, మంథని దిక్కు బ్యారేజీల వెనుక నీళ్లు తన్ని పత్తిచేన్లు మునిగినయి. అంతకుముందు కూడా మునిగినయి. రైతులు పోయి అడిగితే "మీ భూమి ముంపు కింద లేదు కదా" అన్న జవాబు. ముంపుల లేని భూమి ఏడాదేడాది మునుగుతది. పరిహారం లేదు, పంట లేదు. ఆ చేను కౌలుకు చేసిన మనోనికి పంటనష్టం లెక్కల పేరు కూడా లేదు.

రెండోది లావుణి పట్టా. మనకు భూమి అంటే చాలావరకు లావుణి పట్టానే. ఏటి ఒడ్డు, గుట్ట బోరు, శిఖం అంచు. కాలువ అలైన్‌మెంటు మార్చవలసి వస్తే పట్టేదారు చెల్క తప్పించి లావుణి భూమి మీదికి జరిపేది అందుకే. "ఇది సర్కారు భూమి, సర్కారు తిరిగి తీసుకుంటున్నది" అంటే అయిపోయె. అట్ల కుదరదని 2004లనే హైకోర్టు పెద్ద ధర్మాసనం మేకల పాండు కేసుల చెప్పింది. ప్రజాప్రయోజనం కోసం అసైన్డ్ భూమి తీసుకున్నా పట్టాభూమితోటి సమానంగ పరిహారం, సొలేషియం ఇయ్యాలన్నది ఆ తీర్పు. ఆ కేసు వచ్చింది ఎక్కడినుంచో తెలుసా? చేవెళ్ల రెవెన్యూ డివిజన్ నుంచి. నీళ్లు చేవెళ్లకు రాలేదు గాని, తీర్పు చేవెళ్ల నుంచి మనదాక వచ్చింది. వాడుకోండి. తీర్పు నకలు లేకుండ ఆర్డీవో ముందట నిలబడొద్దు.

మూడోది కూలి. ఇదే అందరికంటే ఎక్కువ మందిని బయటికి నెట్టేది. గుంట భూమి లేనోడు ఏం పోగొట్టుకుంటడు అని అడుగుతరు. పని పోగొట్టుకుంటడు, నాట్లు, కలుపు, కోత, పశువుల మేత, చెరువుల చాప. ఊరంతా భూములు అమ్ముకొని పైసలు తీసుకొని పోతే మాదిగోని డప్పు ఎవరి పెండ్లికి మోగాలె? 2013 భూసేకరణ చట్టం ఈ మాటను ఒప్పుకున్నది. భూమి లేకున్నా, సేకరణకు మూడేండ్ల ముందునుంచి ఆ భూముల మీద బతికిన కూలీలు, కౌలుదార్లు, పాలుకు చేసేటోళ్లు, చేతివృత్తులోళ్లు బాధిత కుటుంబాలే అని నిర్వచనంలనే రాసిండ్రు. అంటే చట్టం ప్రాజెక్టు హద్దును కూలోని గుడిసెదాక జరిపింది. దాన్ని వెనుకకు జరిపేటందుకే 2015 జూలైల 123 నంబరు జీవో వచ్చింది. రైతుతోటి నేరుగ కొనుగోలు, కూలీకి ఏమీ లేదు. మెదక్ జిల్లా కూలీలు, చేతివృత్తులోళ్లు కోర్టుకు పోతే 2016 ఆగస్టుల హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. భూమి లేనోళ్లు గెలిచిన కేసు అది. మన మీటింగులల్ల దాని గురించి మాట్లాడుడు తక్కువ.

ఇదే చట్టం రెండో షెడ్యూలుల ఇంకో ముచ్చట ఉన్నది. ప్రాజెక్టు కింద భూమి పోయిన దళిత, గిరిజన కుటుంబానికి పోయినంత భూమి, లేకుంటే రెండున్నర ఎకరాలు, రెండింట్ల ఏది తక్కువైతే అది, భూమికి భూమి ఇయ్యాలె. ఈ భూమి ఎక్కడినుంచి తెస్తరో ప్రాజెక్టు అంచనాల ఉండాలె గదా? సిమెంటు ఎన్ని టన్నులో ఉంటది, ఇది ఉండదు.

నాలుగోది తారీఖు. మధ్య మానేరు ముంపు ఊర్లు కొదురుపాక, నీలోజిపల్లి, చీర్లవంచ, చింతల్‌ఠాణా, రుద్రవరం, అనుపురం, ఇంకా ఉన్నయి. వరద కాలువ కింద మొదలైన పని, తర్వాత కాళేశ్వరం నడుమ గూడు అయ్యింది. సర్వేల నాడు బడికి పోయే పిల్లగాడు, జలాశయం నిండే నాటికి పిల్లల తండ్రి. పద్దెనిమిది నిండినోడు వేరే కుటుంబం అని ప్యాకేజీ లెక్క. ఏ తారీఖుకు నిండాలె? ఆ తారీఖు కోసం ఎన్ని ధర్నాలు, ఎన్ని పాదయాత్రలు! పని పరిధి పెంచేటోళ్లు ఏడాదికోసారి పెంచిండ్రు. మనుషుల లెక్క మాత్రం మొదటి రోజు తారీఖుకే కట్టేసిండ్రు. ఇంతకంటే అన్యాయమైన హద్దు మేం చూడలే.

నీళ్ల ప్రాజెక్టులల్లనే కాదు, మన పేరు మీద వచ్చే పథకాలల్ల కూడా ఇదే. మన కరీంనగర్ జిల్లా హుజూరాబాద్‌ల 2021 ఆగస్టుల దళితబంధు మొదలుపెట్టిండ్రు. కుటుంబానికి పది లక్షలు. నియోజకవర్గంల ప్రతి దళిత కుటుంబానికి అన్నరు. అక్టోబరు 30న అక్కడ ఉప ఎన్నిక. మిగతా నియోజకవర్గాలకు తర్వాత నూరు నూరు కుటుంబాలు. నూరుగురు ఎవరు? ఎట్ల ఎంచాలె? మిగిలినోళ్లకు ఏ ఏడు? రాసిలేదు. రాసిలేని చోట ఎమ్మెల్యే ఇంటి ముందట వరస కట్టిండ్రు మనోళ్లు. పది లక్షలు చెడ్డవని ఎవరంటరు? కానీ హద్దు ఓట్ల తారీఖు గీసినప్పుడు, వాడలనే అన్న ఇంటికి తమ్ముని ఇంటికి నడుమ గోడ లేచింది.

ఇక మనం ఏం చెయ్యాలె అనే దగ్గరికొద్దాం. సర్వేయరు గొలుసు పట్టుకొని ఊర్లెకు వచ్చిన రోజే మన పని మొదలు కావాలె. జేసీబీ వచ్చినాక మొదలుపెడితే అది పోరాటం అయితది గాని అదుపు కాదు. అడిగేది ఒక్కటే కాగితం. దీన్ని మనం హద్దు కాగితం అందాం. ఈ ప్రాజెక్టు దేనికి, ఎన్ని ఎకరాలకు, ఏ ఊర్లకు. నీటి మట్టం ఎన్ని మీటర్లు, దాని కింద సర్వే నంబర్లు ఏవి, అందుల పట్టా ఎంత, లావుణి ఎంత, శిఖం ఎంత. వరదొస్తే వెనుకకు తన్నే నీళ్లు ఎక్కడిదాక. బాధిత కుటుంబాల జాబితాల భూమి లేనోళ్ల పేర్లు ఉన్నయా లేవా. వాడ లేస్తే కొత్త వాడ ఎక్కడ, బొందలగడ్డ ఎక్కడ, బోరింగు ఎక్కడ. అన్నిటికంటే ముఖ్యం, ఏది ఈ ప్రాజెక్టుల లేదు. లేనిది రాయించుకుంటేనే రేపు కొత్తగ కలిపినప్పుడు పట్టుకోగలుగుతం. ఇది సర్కారోళ్లకు ఇష్టముండదు. "అవసరాన్ని బట్టి చూస్తం" అంటరు. అవసరం ఎవరిదో అడగండి.

మార్పులు రావా? వస్తయి. బండ పడ్డదనుకోండి, కాలువ జరపాలె. మహారాష్ట్ర ఒప్పుకోలేదనుకోండి, ఎత్తు తగ్గాలె. మార్పు వద్దని మొండికేసుడు తెలివి కాదు. ప్రతి మార్పుకూ ఒక తారీఖు, అడిగినోని పేరు, ఎన్ని గుంటలు పెరిగింది, ఎవరివి, ఖర్చు ఎవరి మీద, గ్రామసభ తీర్మానం నంబరు ఎంత. ఇది మన దగ్గర ఒక నోట్‌బుక్కుల ఉండాలె. సంఘంల చదువుకున్న ఆడపిల్లకు ఈ నోట్‌బుక్కు అప్పజెప్పండి. మొగోళ్లకు ఇస్తే నాలుగు రోజులకు యాడనో పెట్టి మరుస్తరు, నవ్వకండి, నిజమే చెప్తున్నం. మేం ఒక కార్యాలయానికి పోయినప్పుడు ఆ సారు "అలైన్‌మెంటు ఎన్నడూ మారలేదు" అన్నడు. మా వెంట వచ్చిన బిడ్డ నోట్‌బుక్కు తెరిచి మూడు తారీఖులు చదివింది. సారు చాయ్ తెప్పించిండు. పని కాలేదు గాని, కూసోమన్నడు.

కాగితాలు ఇయ్యకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉన్నది. గ్రామ పంచాయతీల అడిగితే రుసుము లేదు, మండలంల ఐదు రూపాయలు, పైన పది రూపాయలు. ముప్పై రోజులల్ల జవాబు ఇయ్యాలె. భూసేకరణ మొదటి నోటిఫికేషన్ వస్తే అభ్యంతరాలకు అరవై రోజుల గడువు. సాగునీటి ప్రాజెక్టుకు పర్యావరణ మదింపు ఉంటే సామాజిక ప్రభావ అధ్యయనం అక్కరలేదని 2013 చట్టంలనే సందు పెట్టిండ్రు. కాబట్టి పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ రోజు మన గొంతు వినబడకపోతే మళ్లీ వినిపించే చోటు లేదు. ఆ రోజు కూలికి పోకండి, ఆ ఒక్క రోజు.

ఇంకో మాట మన సంఘాలకు. మన వినతిపత్రాలు చూస్తే ముప్పై డిమాండ్లు ఉంటయి. ముంపు పరిహారంతోటి మొదలై, హాస్టల్ మెస్ చార్జీలు, విగ్రహం, రోడ్డు, ఆఖరుకు దేశంల నిరుద్యోగందాక. అన్నీ న్యాయమైనవే. కానీ ముప్పై అడిగితే అధికారి అన్నిటికంటే అల్కటిది ఏరుకుంటడు, విగ్రహానికి గద్దె కట్టిస్తడు, ఫోటో దిగుతడు. ఒక్కో పోరాటానికి ఇది దేనికోసం, ఏది దొరికితే ఆగుతం, ఏది ఇందుల లేదు అని మనమూ రాసుకోవాలె. హాస్టల్ సంగతి హాస్టల్ పిల్లలతోటి వేరే రోజు.

ఇప్పుడు చివరి పని. 2023ల ప్రభుత్వం మారినాక తుమ్మిడిహెట్టి దగ్గర బ్యారేజీ కట్టే మాట మళ్లీ ముందుకొచ్చింది. కౌటాల, సిర్పూరు, బెజ్జూరు, చెన్నూరు దిక్కు నుంచి వచ్చినోళ్లు ఈ మధ్యాహ్నం ఇక్కడనే ఉండండి. దరఖాస్తు ఫారాలు తెచ్చినం. అడిగేటివి నాలుగే: మట్టం ఎన్ని మీటర్లు, మన దిక్కు మునిగే సర్వే నంబర్లు ఏవి, పాత కాలువకు తీసుకున్న భూమిని ఏం చేస్తరు, ఆదిలాబాద్‌కు రాసే ఎకరాలు 56,500నా, రెండు లక్షలా, లేక ఇంకోటా. ఎవరి పేరు మీద వాళ్లు రాయండి, నకలు ఒకటి దగ్గర పెట్టుకోండి. సంతకం రానోళ్ల ఏలిముద్ర పక్కన సాక్షి పేరు రాయుడు మరవద్దు. అన్నం తిని కూసుందాం.